హాబీంజు తాత టోపీలు

హాబీంజు తాతకు ఉన్నది ఒకటే పిచ్చి. ఎండలో తెల్ల జంతువు ఏది కనిపించినా దాని ముక్కుకు మందు రాసి, నెత్తిన టోపీ పెడితేగాని ఆయనకు ముద్ద దిగదు. చోమా ఊళ్లో మా వీధి మొత్తానికి బట్టలు కుట్టేది నేనే కాబట్టి, ఆ టోపీలన్నీ నా మిషను మీదే పుట్టాయి.

మొదటి టోపీ ఆయన కుక్క కెప్టెన్‌ది. ఒళ్లంతా తెలుపు, ముక్కు గులాబీ రంగు. రైల్వే గార్డుగా రిటైరైన మనిషి, కుక్కను తెచ్చి నా బల్ల మీద కూర్చోబెట్టాడు.

"లవ్‌నెస్, కొలత తీసుకో."

"కుక్కకా, తాతా?"

"కుక్క అయితే ఎండ జాలిపడుతుందా? చెవులకు రెండు కన్నాలు పెట్టు. ముక్కు మీద నీడ పడాలి. చూడు, ఎలా పొక్కిపోయిందో!"

మనుషులు ఎండకు పూసుకునే క్రీము కుక్క నాకితే ప్రమాదమని పశువుల డాక్టరు చెప్పాడట. అందుకని జంతువులకు పనికొచ్చే మందు రాజధాని లుసాకా నుంచి తెప్పించి, ఆ డబ్బా జేబులో వేసుకుని తిరిగేవాడు.

కెప్టెన్‌తో ఆగితే బాగుండేది. కిరాణా కొట్టు మువీంబా తెల్లపిల్లికి టోపీ పెడితే అది పీకి పారేసి మామిడిచెట్టెక్కింది. తాత నిచ్చెన వేసుకుని వెనకే ఎక్కాడు. పిల్లి దిగివచ్చింది గానీ, తాతను దించడానికి నలుగురు కావాల్సి వచ్చింది.

"మరి నా తెల్లకోడి సంగతేమిటి తాతా?" అని మువీంబా వెక్కిరించాడు.

"దానికి ఈకలున్నాయి కదయ్యా! కాస్త బుర్ర పెట్టు!"

తరవాత పాస్టరుగారి తెల్లపంది వంతు. టోపీ పెట్టుకుని అది ఆదివారం పూట చర్చి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ప్రార్థన మధ్యలో జనం నవ్వుతున్నారయ్యా!" అని పాస్టరు మొత్తుకున్నాడు.

"నవ్వనీయండి. మీకు గొడుగుంది. దానికేముంది?"

ఇక పిల్లలు నా ప్రాణం తీశారు. కెప్టెన్ టోపీలాంటిదే కావాలి, అదే గుడ్డ, అదే అంచు! అక్టోబరు ఎండలు ముదిరేసరికి మా వీధిలో టోపీ లేని పిల్ల లేదు. ఒక్క చిపేగో తప్ప.

చిపేగో ఆ ఏడాదే మా ఎదురింట్లో దిగిన ముటింటా కూతురు. ఏడేళ్లది. పుట్టుకతోనే ఒంట్లో రంగు లేదు. లేతపసుపు జుట్టు, ఎండ సోకితే కమిలిపోయే చర్మం. వాళ్లమ్మ కొన్న మూడు టోపీలూ బడిలో పిల్లలు ఏడిపించారని తనే కాలవలో పారేసింది. చెవి మీద ఒక పుండు రెండు నెలలుగా మానడం లేదు.

"అది క్యాన్సరులాంటి చెడ్డ పుండైతే ఏం చెయ్యను, లవ్‌నెస్?" అని ముటింటా నా దగ్గర కూర్చుని ఏడ్చేది.

ఒకరోజు చిపేగో విసురుగా నా కొట్లోకి వచ్చింది.

"పందికి కూడా కుట్టావు! నేను పందికంటే తక్కువా, పిన్నీ?"

"నువ్వే టోపీ వద్దన్నావు కదే?"

"అప్పుడు నాకొక్కదానికే ఉండేది. ఇప్పుడు అందరికీ ఉంది!"

అది మనసు మార్చుకునేలోపు కుట్టేయాలని కత్తెర అందుకున్నాను. అంచు మరో రెండు వేళ్లు వెడల్పుగా పెట్టాను.

ఆ వారమే తల్లీకూతుళ్లు లుసాకా పెద్దాసుపత్రికి వెళ్లారు. తిరిగొచ్చిన రోజు ముటింటా నా కొట్టు ముందు బస్సు దిగుతూనే కేకేసింది.

"చెడ్డది కాదట! ఉత్త ఎండకు కమిలిన పుండేనట! నీడలో ఉంచితే మానుతుందట!"

నేను మిషను ఆపేసి లేచాను. కొట్లోనే కూర్చున్న తాత కెప్టెన్ చెవుల్లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని, గట్టిగా ముక్కు చీదాడు.

అప్పుడు వెలిగింది నాకు.

"తాతా, కెప్టెన్‌కు ఆరేళ్లు. ఇన్నేళ్లూ గుర్తురాని ఎండ, వీళ్లు ఎదురింట్లో దిగిన వారానికే గుర్తొచ్చిందేం?"

"ముక్కు నిజంగానే పొక్కింది" అన్నాడు గొంతు తగ్గించి. "ఆ పిల్లతో అన్నావంటే ఊరుకోను."

ఆ మాట పూర్తయ్యేలోపే చిపేగో నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"తాతా, మీ బట్టతల ఎలా పొట్టు లేస్తోందో చూసుకున్నారా? ఊరందరికీ పెట్టి మీరిలా తిరుగుతారా? కూర్చోండి. పిన్నీ, కొలత తీసుకో!"

జెండా ఊపి రైళ్లను నడిపించిన మనిషి బుద్ధిగా నా స్టూలు మీద కూర్చుని తల వంచాడు.