పడవవాడు అడిగిన వంతెన

సున్‌కోశీ నది మీద వేలాడే వంతెనకి రిబ్బను కత్తిరించిన రోజు, జిల్లా నాయకుడొకాయన ధనబీర్ మాఝీని నిస్వార్థజీవి అని పొగిడాడు. దేశానికి ప్రధానమంత్రి అయినవాడే అతనికి మీత్, అంటే ఆచారం ప్రకారం కట్టుకున్న నేస్తం అయినా ఏనాడూ చెయ్యి చాచి ఏమీ అడగలేదని చెబుతూ గొంతు గద్గదం చేసుకున్నాడు. ముందు వరసలో ఉన్న ధనబీర్ పక్కవాడితో, “అడగడానికే కదా పోయింది,” అన్నాడు. మైకుకి అది అందలేదు. నిజం మాత్రం అదే. ధనబీర్ అడిగాడు, గట్టిగా అడిగాడు. పొగడ్తల్లో అది కొట్టుకుపోకుండా రాసి పెట్టాలి.

మాఝీలంటే నది మీద బతికేవాళ్ళు. సాల మాను తొలిచి చేసిన పడవ ధనబీర్‌కి తాతలనాటి ఆస్తి. వానాకాలంలో ఆ పడవ ఒడ్డు దాటదు. అలాంటి ఒక వానాకాలంలో, అవతలి ఒడ్డున కాపురముంటున్న కూతురు సానుమాయాకి నొప్పులొచ్చాయి. ఆసుపత్రి ఇవతల ఉంది. అత్తింటివాళ్ళు ఆమెను డోలీలో మోసుకొచ్చి ఇసుక మీద దించారు. ధనబీర్ పడవ తోసిన ప్రతిసారీ నది దాన్ని విసిరి ఒడ్డుకే కొట్టింది. ఆమె ఎర్ర శాలువా ఇవతలికి కనిపిస్తూనే ఉంది, సాయంత్రానికి దాన్ని ముఖం మీదికి లాగేశారు. ఆ తర్వాత ధనబీర్ నోట వంతెన తప్ప ఇంకో మాట రాలేదు.

“వంతెనొస్తే నీ పడవలో కోళ్ళు గుడ్లు పెట్టుకోవాల్సిందే. నీ పొట్ట నువ్వే కొట్టుకుంటావేంట్రా?” అని పక్కింటి బుధే వెక్కిరించేవాడు.

“పెట్టుకోనీ. రెండు నీకూ ఇస్తాలే.”

ఇక మీత్ సంగతి. లోకమణి రిజాల్ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, కాలేజీలో ఉండగానే ఎర్రజెండా పట్టాడు. రాజుగారు పార్టీలన్నిటినీ నిషేధించిన రోజుల్లో జైలుకి పోయాడు, బయటికొచ్చి కామ్రేడ్ అంకుర్ అన్న మారుపేరుతో కొండల్లో తిరిగాడు. అలా తిరుగుతూ ధనబీర్ ఇంటికి చేరాడు. మాఝీ గుడిసెలో బ్రాహ్మడికేం పని అని సంతలో గుసగుసలు మొదలయ్యేసరికి, ధనబీర్ భార్య ఫూల్‌మాయా ఉపాయం చెప్పింది. “ఇద్దరూ మీత్ కట్టుకోండి. మీత్ ఇంట్లో మీత్ ఉంటే ఎవడడుగుతాడు?”

నది ఇసుకలో టోపీలు మార్చుకుని, ఒకరి నుదుట ఒకరు అక్షతలు అద్దారు. ఆనాటి నుంచి వాళ్ళు ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ‘నువ్వు’ అనకూడదు. ఒకరి తల్లి ఇద్దరికీ తల్లి, ఆ ఇంట చావు ఈ ఇంట మైల. లోకమణి రెండు చలికాలాలు అక్కడే దాక్కున్నాడు. చిన్నారి సానుమాయా రోజూ అటక మీదికి అందించే రాగి ముద్ద, చేపల పులుసు తింటూ మూఢాచారాల మీద కరపత్రాలు రాశాడు. తనని కాపాడుతున్నది కూడా అలాంటి ఆచారమేనన్న సంగతి వాటిలో ఎక్కడా రాయలేదు.

నిషేధం ఎత్తేశాక ఆయన బయటికొచ్చాడు. పార్టీని చీల్చాడు, అతికించాడు, మళ్ళీ చీల్చాడు. పార్లమెంటును పందుల దొడ్డి అని తిట్టి, ఆ పార్లమెంటుకే గెలిచాడు. ఎవరికీ బలం చాలని ఒక ఎన్నికల తర్వాత, మిగతావాళ్ళు కొట్టుకుంటూ ఉండగా ప్రధానమంత్రి అయ్యాడు. ధనబీర్ పడవ కట్టే రేవు ఘాట్‌లో డోళ్ళు మోగాయి. ధనబీర్ మాత్రం కదల్లేదు. మీత్ అడిగితే మీత్ కాదనలేడు, అందుకే అడగడం తప్పంటారు.

ఫూల్‌మాయా ఊరుకోలేదు. “సానూ ఆ ఇసకలో పడుంటే నీకు మర్యాదలు గుర్తొస్తున్నాయా?” అంది.

ప్రయాణం ఖాయమైన వారంలోనే ప్రధాని తల్లి పోయిందని రేడియోలో చెప్పారు. తనకు కర్మకాండల మీద నమ్మకం లేదనీ, గుండు చేయించుకోననీ ప్రధాని ప్రకటించాడు. అది విన్న ధనబీర్ ఘాట్‌కి పోయి గుండు చేయించుకున్నాడు, ఉప్పు మానేశాడు, తెల్లబట్ట చుట్టుకుని కాఠ్మాండూ బస్సెక్కాడు.

ప్రధాని నివాసం గేటు దగ్గర ఎవరు కావాలని అడిగారు. మా మీత్ అన్నాడు. పేరేమిటన్నారు. మీత్ పేరు పలక్కూడదన్నాడు. కాపలావాళ్ళు నవ్వారు. ఇంతకీ ఎవరు పోయారని ఒకడు అడిగాడు.

“మా మీత్ వాళ్ళమ్మ.”

అడిగినవాడి నవ్వు ఆగిపోయింది. ఆ ఇంట్లో పోయింది ఒక్కావిడే. ఆమె కోసం తల గొరిగించుకున్న మనిషి గేటు బయట ఉన్నాడు. అక్కడ కాచుకున్న విలేఖరులు అటు తిరిగేలోపే గేటు తెరుచుకుంది. అది దుఃఖమా, ఎత్తుగడా అని ఘాట్‌లో ఇప్పటికీ వాదించుకుంటారు. ధనబీర్‌నే అడిగితే దాచలేదు. “ఆవిడ నాకూ అమ్మే. గుండు చూస్తే గేటు తీస్తారనీ తెలుసు,” అన్నాడు.

లోపల లోకమణి ఆ నున్నటి తలని చాలాసేపు చూశాడు. “మీత్, అప్పుడు మనం చేసింది పోలీసుల కళ్ళు కప్పడానికి కదా?”

“పోలీసులు ఆ చలికాలమే వెళ్ళిపోయారు మీత్. నేను వెళ్ళలేదు.”

తర్వాత సానుమాయా ఎలా పోయిందో చెప్పాడు. అటక మీద తనకి ముద్ద అందించిన పిల్ల కదా, లోకమణి తల దించుకున్నాడు. అడగకూడదని తెలుసు, అయినా అడుగుతున్నానన్నాడు ధనబీర్. పార్లమెంటులో బలం నిరూపించుకోమన్నారనీ, ప్రభుత్వం రేపో మాపో పడిపోతుందనీ, వంతెనకి ఏళ్ళు పడుతుందనీ లోకమణి నసిగాడు.

“వంతెన కట్టమనట్లేదు మీత్. ఇనప తాళ్ళు రోడ్డు దాకా పంపించండి. అక్కణ్ణించి మా భుజాలున్నాయి.”

తాళ్ళు వచ్చాయి. వాటి వెనకే ప్రభుత్వం కూలిందన్న వార్తా వచ్చింది. కొత్తవాళ్ళు పాత పనులన్నీ ఆపమన్నారని కబురు తెలిసి, అది కాగితం మీద దిగేలోపే ధనబీర్ ఊళ్ళన్నీ తిరిగి జనాన్ని లేపాడు. వంతెన తాడుని ముక్కలు చేయకూడదు, తుంచితే దేనికీ పనికిరాదు. అందుకని మొత్తం తాడుని బారులు తీరిన మనుషులు భుజాల మీద వేసుకుని, ఒకే అడుగుగా కొండ దిగాలి. ఓడిన పార్టీ వాళ్ళూ, గెలిచిన పార్టీ వాళ్ళూ ఆ వరసలో దూరారు. బుధే కూడా గొణుక్కుంటూ భుజం పెట్టాడు. సగం దారిలో ఓ అధికారి ఎదురొచ్చి ఆగమన్నాడు.

ముందున్న ధనబీర్ నడుస్తూనే జవాబిచ్చాడు. “నేనాగితే ఎనకోడు నా మీద పడతాడు, ఆడి మీద ఇంకోడు. మీరొక్కరే కదా సార్, మీరే పక్కకి జరగండి.”

అధికారి జరిగాడు.

లోకమణి రాలేదు. పార్టీ మళ్ళీ చీలుతోంది, ఆయన ఆ పనిలో ఉన్నాడు.

వంతెన అల్లాలంటే, ఇనప తాళ్ళని అవతలికి లాగడానికి ముందు ఒక సన్నటి తాడుని ఎవరో ఒకరు నది దాటించాలి. పని చూడ్డానికొచ్చిన ఇంజనీరు అందుకు కుర్రవాళ్ళని వెతుకుతుంటే, ధనబీర్ ఆ తాడు కొసని తన పడవ తోకకి కట్టేసుకున్నాడు. తొలకరికి ముందే నీళ్ళు బురద రంగు తిరిగాయి. “ఇదే నీ పడవకి ఆఖరి బేరం,” అని బుధే ఒడ్డు నుంచి అరిచాడు. ధనబీర్ వెనక్కి చూడలేదు. నది పక్కకి ఈడుస్తున్నా తెడ్డు వదలకుండా, కూతుర్ని దించిన ఇసుకకే పడవ చేర్చాడు. అక్కడి బండకి తాడు చుట్టి, కాలు తన్నిపెట్టి లాగి చూశాడు. అది కదల్లేదు. అయినా ఇంకో ముడి వేశాడు.