కుంటి గొర్రె, మంచు చిరుత

మా తాత జుమాకాదిర్‌కు ఒకే ఒక్క జబ్బు. ఏ బల్ల దగ్గరైనా అందరికంటే తక్కువతో కూర్చుంటాడు. ఆ తక్కువ కాస్తా రెట్టింపు కాగానే "రెట్టింపయింది" అని లేచి వెళ్లిపోతాడు. మా కిర్గిజ్ కొండల్లోని నారిన్ పట్టణంలో ఈ సంగతి తెలియని కుక్క కూడా లేదు.

పెళ్లి విందులో మాంసం కూరిన మంతీలు వడ్డిస్తే రెండే చాలంటాడు. ఎవరో పాపం మర్యాదకు ఇంకో రెండు వేస్తారు. నాలుగూ తినేసి, కల్పక్ టోపీ సర్దుకుని, "రెట్టింపయింది" అంటాడు. అప్పటికి పెళ్లికూతురు గదిలోకి కూడా వచ్చి ఉండదు.

ఇలాంటి మనిషికి ఫోన్‌లో పోకర్ పేకాట నేర్పింది నేనే. తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టి బజారులో ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నాను కదా, నాకంటే గొప్ప గురువు ఆయనకెక్కడ దొరుకుతాడు? పైసల్లాంటి సెంట్లతో ఆడే చిన్న బల్లలవి. ఆటలో పేరేం పెట్టమంటావని అడిగితే "కుంటి గొర్రె" అన్నాడు.

"గొర్రె చాలదా తాతా, కుంటిది కూడానా?"

"కుంటిదైతే తొందరగా జాలిపడతారే."

ఎక్కడ కూర్చోబెట్టమంటావంటే, "మంచు చిరుత అనేవాడు ఏ బల్ల దగ్గరుంటే అక్కడ" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఆ మంచు చిరుత మా అన్న సమత్. రాజధాని బిష్కెక్ దారిలో వ్యాను నడుపుతాడు. మొదట్లో ప్రయాణికుల కోసం ఎదురుచూస్తూ పోకర్ ఆడేవాడు. తర్వాత్తర్వాత ప్రయాణికులే వాడి కోసం ఎదురుచూడటం మొదలైంది. ఇంట్లో వదిన నుర్జామల్‌కు నెలలు నిండుతున్నాయి. పెరట్లో బొగ్గు కొట్టు ఖాళీ. నారిన్ చలికి బొగ్గు లేని ఇంట్లో టీ కూడా తాగేలోగా గడ్డకడుతుంది, ఇక పసిబిడ్డ మాట చెప్పాలా?

మొదటిసారి కూర్చున్నప్పుడు అన్న ముందు పందెం బిళ్లలు కొండలా ఉన్నాయి. తాత ముందు పిడికెడు.

"మింగేస్తాడు తాతా! కొండ చూడు!"

"ఎంత మింగుతాడే? నా ముందు పిడికెడే కదా ఉంది. అంతకుమించి నా దగ్గర లాక్కోలేడు. నాకు మంచి ముక్కలు పడితే ఆ కొండలోంచి నేనూ పిడికెడు తవ్వుకుంటాను. మిగతా కొండ వాడి కంటికి అందమే కానీ నాకేం భయం?"

అన్న కొండనడ్డం పెట్టుకుని అందరినీ దబాయిస్తాడు. చేతిలో చెత్త ముక్కలున్నా సరే, ముందుకు తోస్తాడు. తాత మాత్రం మంచి ముక్కలు పడేదాకా వచ్చినవి వచ్చినట్టు పడేస్తూ, ఆవలిస్తూ, మీసం దువ్వుకుంటూ కూర్చుంటాడు. పడ్డాయా, పిడికెడంతా నెట్టేస్తాడు. అన్న "పోరా గొర్రే" అని పందెం కలుపుతాడు. తాత పిడికెడు రెండు పిడికిళ్లవుతుంది. తాత లేస్తాడు.

లేచినవాడు వెంటనే తక్కువ డబ్బుతో అదే బల్లకు తిరిగి రాకూడదని అక్కడొక నియమం. కాసేపు ఆగాలి. ఆ కాసేపూ తాత టీ తాగుతాడు. శరదృతువు సగం గడిచేసరికి మా ఇంట్లో టీ పొడి నిండుకుంది.

గెలిచినదంతా ఏం చేస్తున్నాడో నాకు చెప్పలేదు. కొత్త బూట్లకని నా అనుమానం. "అన్నకు చెప్పేస్తా" అని బెదిరించాను. ఐస్‌క్రీం కొనిపెట్టాడు. మళ్లీ బెదిరించాను. మళ్లీ కొన్నాడు. మూడోసారి బెదిరిస్తే "రెట్టింపయిందిగా, ఇక లే" అన్నాడు.

ఒక ఆదివారం అన్నా వదినా భోజనానికొచ్చారు. అమ్మ మంతీలు ఆవిరి మీద నుంచి దించుతోంది. అన్న ముఖం వేలాడేసుకుని కూర్చున్నాడు.

"కుంటి గొర్రె అని ఒక వెధవ తగులుకున్నాడు తాతా! బికారిలా ఇంత పెట్టుకుని కూర్చుంటాడు."

"అయ్యో" అన్నాడు తాత, రెండు మంతీలు పెట్టించుకుంటూ.

"నా దగ్గర గెలవగానే లేచిపోతాడు! తిరిగి లాక్కుందామంటే మనిషుండడు!"

"సిగ్గులేని జన్మ" అన్నాడు తాత. అమ్మ ఆయన పళ్లెంలో ఇంకో రెండు వేసింది.

"వాడి మొహం ఒక్కసారి చూడాలని ఉంది తాతా!"

తాత నాలుగోది మింగి, మూతి తుడుచుకుని, టోపీ సర్దుకున్నాడు. "రెట్టింపయింది" అని లేచాడు.

అన్న చేతిలో మంతీ జారి పళ్లెంలో పడింది. పుట్టినప్పటినుంచీ చూస్తున్న తాతను వాడు అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"తాతా... కుంటి గొర్రె..."

"మే" అన్నాడు తాత.

నేను టీ బయటికి కక్కేశాను. అన్న ఎగిరి లేచాడు. "సొంత మనవడినా దోచుకున్నావు?"

"మనవడినేం చెయ్యలేదురా. చిరుత బొచ్చు కాస్త కత్తిరించానంతే."

అంతలో వదిన అన్నను అయోమయంగా అడిగింది: "అయితే పొద్దున వచ్చిన బొగ్గు బండి నువ్వు పంపింది కాదా? మా ఆయన మారిపోయాడని వీధంతా చెప్పుకొచ్చానే!"

తాత నెమ్మదిగా అన్నాడు: "నువ్వు అబద్ధమేం చెప్పలేదమ్మా. అది వాడి డబ్బే. నా పింఛను కూడా కొంచెం కలిసింది, నేను ఓడిన రోజులూ ఉంటాయి కదా. మారిపోయాడన్న మాటొక్కటే ఇంకా బాకీ. అది తీర్చేది నేను కాదు."

అన్న పళ్లెం పక్కకు జరిపాడు. ఫోన్ తీసి నా ముందుకు తోశాడు. "ఆ ఆట తీసెయ్యవే. గొర్రెది కూడా." తీసేశాను. కుంటి గొర్రె పోయినందుకు నాకే కాస్త బాధేసింది.

మంచు మోకాళ్లదాకా పడ్డ రోజు వదిన ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చింది. వ్యాను నడిపింది అన్నే, దారిలో ఫోన్ ముట్టలేదు. పొయ్యి ఎర్రగా మండుతోంది. తాత అలవాటుగా ఇంట్లోకెల్లా పొట్టి పీట వెతుక్కుని కూర్చున్నాడు. వదిన గుడ్డల్లో చుట్టిన పాపను ఆయన ఒళ్లో పెట్టింది. తాత మీసం వణికింది. వెనకే అన్న ఇంకో మూట తెచ్చి పక్కన పెట్టాడు. కవలలు! దిష్టి తగులుతుందని వదిన అప్పటిదాకా ఎవరికీ చెప్పనేలేదు.

గదంతా తాతవైపు తిరిగింది. నేను తలుపు తీసి పట్టుకున్నాను.

"తాతా, రెట్టింపయింది. ఇక లే మరి."

"తలుపు వెయ్యవే, పిల్లలకు చలి" అని కసిరాడు తాత. టోపీ తీసి నా చేతికిచ్చి, పీట పొయ్యికి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని కూర్చున్నాడు.