డాయిల్ పెట్రీ బాస్ చేపలు వేయించిన ఏడాది

ఉత్తర అలబామాలో, పిన్సన్ చెరువు చుట్టుపక్కల, డాయిల్ పెట్రీని అసలు పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను "వదిలెయ్ డాయిల్". కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు గానీ జనానికి గుర్తున్నది ఆ పని కాదు. వెనకటికి పట్టిన ప్రతి బాస్ చేపనీ తాడుకు గుచ్చి ఇంటికి మోసుకుపోయే రోజుల్లో, చెరువు ఖాళీ అయిపోతోందని గొంతు చించుకున్నది అతనొక్కడే. పట్టండి, మురిసిపోండి, ఫొటో తీసుకోండి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యండి అన్నాడు. తిట్లు తిన్నాడు. ఒకసారి పడవ రేవు దగ్గర తన్నులు కూడా తిన్నాడు. చివరికి గెలిచాడు. ఎంతగా గెలిచాడంటే, ముప్ఫై ఏళ్ళు తిరిగేసరికి ఆ చెరువు బాస్‌ని వండుకోవడమంటే పక్కింటివాళ్ళ కుక్కను వండుకున్నంత తప్పయిపోయింది. చేప తినాలనిపిస్తే క్యాట్‌ఫిష్ ఉంది. బాస్ జోలికి మాత్రం ఎవరూ పోరు.

అంత అపురూపంగా చూసుకున్న చేపలే చిక్కిపోయాయి. అంత పెద్ద నోరు, దాని వెనక అతికించినట్టు బక్క ఒళ్ళు. చేతిలోకి తీసుకుంటే వెన్నెముక తగిలేది. ఏళ్ళ తరబడి ఒక్కటంటే ఒక్కటి చెప్పుకోదగ్గ చేప పడలేదు.

"రక్తం పలచబడిపోయిందిరా," అన్నాడు రాయిస్ స్టాలింగ్స్. అతను చెరువు సంఘం అధ్యక్షుడు, ట్రాక్టర్ల షాపు యజమాని, చిన్నప్పటినుంచీ డాయిల్‌తో పోట్లాడుతూనే స్నేహం చేస్తున్నవాడు. "అన్నాచెల్లెళ్ళే జతకట్టి పిల్లల్ని పెడుతుంటే ఇంకేం ఎదుగుతాయి? చెరువులో విషపు మందు కొట్టి మొత్తం చంపేద్దాం. ఫ్లారిడా జాతి పిల్లల్ని తెచ్చి పోద్దాం. పట్టుకుంటే చెయ్యి లాగెయ్యాలి!"

సంఘంలో చాలామంది తలలూపారు. డాయిల్ మాత్రం అడ్డంగా ఊపాడు. ఈ చేపల తాతముత్తాతల్ని వాగులోంచి పట్టి, పాల క్యాన్లలో మోసుకొచ్చి, కొత్తగా కట్టిన ఈ చెరువులో పోసింది అతనూ వాళ్ళ నాన్నా. ఆ వాగు తరవాత గనుల బురదతో పూడిపోయింది. ఆ జాతి ఇంకా బతికి ఉందంటే ఈ నీళ్ళలోనే. ఇవి పోతే ఇక ఎక్కడా ఉండవు.

దీనిమీద సంఘంలో ఓటింగు జరగకముందే అతను ప్రభుత్వంలో చేపల శాస్త్రవేత్తగా పనిచేస్తున్న తమేకా ఏవరీకి ఫోన్ చేశాడు. ఆవిడ పడవ వేసుకొచ్చి, నీళ్ళలోకి కరెంటు వదిలి, స్పృహ తప్పి తేలిన చేపల్ని వలతో ఎత్తి కొలిచింది, తూచింది, మొప్పలు విప్పి చూసింది, రెక్కల కొసలు చిటికెడు కత్తిరించి సీసాల్లో వేసుకుంది. జీవితమంతా కరెంటుతో బతికిన డాయిల్ ఆ పూట మాత్రం కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. పరీక్షలయ్యాక ఆవిడ మళ్ళీ వచ్చి, చెరువు గట్టుమీద షెడ్డులో అందరి ముందూ చెప్పింది.

"జబ్బేమీ లేదండీ. రక్తంలోనూ లోపం లేదు, రాయిస్ గారూ. అచ్చంగా ఇక్కడి వాగు జాతే. ఒకే ఇంటి పిల్లలేమో అని మీరు భయపడ్డట్టు కూడా లేదు."

"మరి వీటికొచ్చిన రోగమేంటమ్మా?" అన్నాడు రాయిస్.

"ఆకలి. పట్టినవన్నీ వదిలేస్తుంటే చిన్న బాస్‌లు మరీ ఎక్కువైపోయాయి. ఉన్న మేత ఎవరికీ చాలట్లేదు, ఎవరూ ఎదగట్లేదు. ఫ్లారిడావి తెచ్చి పోసినా కొన్నేళ్ళకి ఇదే గతి. పైగా వాటికి మన చలి పడదు. పద్నాలుగు అంగుళాల లోపువాటిని పట్టుకుని తినెయ్యండి. బండెడు తినాలి, ఒకటీ రెండూ కాదు."

షెడ్డులో అందరి కళ్ళూ డాయిల్ మీదే.

"విన్నావా, వదిలెయ్ డాయిల్?" అన్నాడు రాయిస్. "వచ్చే ఏప్రిల్ దాకా టైమిస్తున్నా. అప్పటికీ ఇవి ఇలాగే ఉంటే మందే."

ఇంటికెళ్ళాక డాయిల్ అన్నం ముట్టలేదు. భార్య నొవెల్లా విషయమంతా విని, నవ్వాలో ఏడవాలో తెలియక, "అయితే ముప్ఫై ఏళ్ళుగా వాటికి ప్రేమగా పస్తులు పెట్టావన్నమాట," అంది. ఆ మాట సూటిగా వెళ్ళి తగిలింది. అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. చేసినదంతా మంచికే చేశాడు, కష్టపడి చేశాడు, తీరా చూస్తే అదే వాటి కడుపు మాడ్చింది. ఇంతకన్నా ఘోరం ఇంకేముంటుంది చెప్పండి!

సరే, తినమంటే జనం తింటారా? తింటామనే అన్నారు. గాలానికి చేప పడగానే మాత్రం ఎవరి చెయ్యి వాళ్ళ మాట వినలేదు. అటూ ఇటూ చూసి, మెల్లగా నీళ్ళలోకి జార్చేసేవాళ్ళు. డాయిల్ నేర్పిన పాఠం అంత బాగా వంటబట్టింది మరి. నేర్పినవాడే మరిపించాలి, వేరే దారి లేదు.

మే నెలలో ఒక శనివారం మధ్యాహ్నం, అందరూ షెడ్డు దగ్గర చేరే వేళ, డాయిల్ తాడుకు గుచ్చిన బాస్‌లు భుజాన వేసుకుని రేవునుంచి నడిచొచ్చాడు. ఒకావిడ పిల్లాడి కళ్ళు మూసింది. అతను ఎవరి వంకా చూడకుండా ముళ్ళు తీసి, ముక్కలు కోసి, మొక్కజొన్న పిండిలో పొర్లించి, ఇనప మూకుట్లో మరుగుతున్న నూనెలో వేశాడు. పళ్ళెం నిండింది. ఒక్కరూ దగ్గరికి రాలేదు.

"హంతకుడి వంట ఎవడు తింటాడ్రా?" అన్నాడు రాయిస్, నలుగురికీ వినిపించేలా.

"నేను తింటా," అంది వెనకనుంచి ఒక గొంతు. రాయిస్ తల్లి ఓలా మే, తొంభై దాటిన మనిషి, చేతికర్ర ఊనుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూలబడింది. "ఇటు తే అబ్బాయ్. ముప్ఫై ఏళ్ళుగా ఆ క్యాట్‌ఫిష్ తినీ తినీ నోరు చచ్చిపోయింది."

"అమ్మా, అది బాస్..."

"నాకు కళ్ళు మందగించాయి గానీ నాలుక బాగానే ఉందిరా." ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, నెమ్మదిగా నమిలింది. "మీ నాన్న ఇలాంటి చేపలు తెచ్చిపెట్టే నన్ను బుట్టలో వేసుకున్నాడు. కూర్చో. తిను."

"నాకాకలి లేదు."

"నిన్ను అడగలేదు. తినమన్నాను."

ఊరందరి ముందూ అధ్యక్షుడు గారు బుద్ధిగా కూర్చుని తిన్నారు. ఒక ముక్క అయ్యాక, ఎవరూ చెప్పకుండానే ఇంకోటి అందుకున్నారు. అంతే, షెడ్డు నవ్వులతో గొల్లుమంది. జనం పళ్ళేలు పట్టుకుని మూకుడు మీద పడ్డారు. ఆ వేసవంతా ప్రతి శనివారం అక్కడ జాతరే. తీపి ఐస్‌టీ, క్యాబేజీ తరుగు, వేడివేడి బాస్. చర్చి వాళ్ళు తిన్నారు, ఫైర్ స్టేషన్ వాళ్ళు తిన్నారు, పక్క ఊళ్ళవాళ్ళు కార్లు వేసుకొచ్చి మరీ తిన్నారు. డాయిల్ మాత్రం మొదటి నెలంతా వేయించడమే తప్ప ఒక్క ముక్క నోట పెట్టలేకపోయాడు.

ఏప్రిల్ వచ్చింది. తమేకా పడవలో ఈసారి వల పట్టుకుని రాయిస్ నిలబడ్డాడు. డాయిల్ కళ్ళు మూసుకోలేదు. గట్టంతా జనం. నీళ్ళలోకి కరెంటు పోయింది. ఒక క్షణం ఏమీ లేదు. తరవాత తెల్లటి పొట్టలు పైకి తేలాయి, ఒకటి, ఇంకొకటి, మరొకటి. గుండ్రంగా, నిండుగా, బలిసిన పొట్టలు.

"ఒరేయ్ డాయిల్, చూడరా! చూడు!" రాయిస్ వల పైకెత్తాడు. వలలో ఒక ఆడ చేప, గుడ్లతో నిండి, రెండు చేతులూ పట్టనంత లావుగా ఉంది. తమేకా తూచి, త్రాసు ముల్లు ఎక్కడాగిందో చూసి, నోరు వెళ్ళబెట్టి, మళ్ళీ తూచింది. "పదేళ్ళలో ఈ జిల్లాలో ఇంత చేప నేను ముట్టుకోలేదండీ," అంది.

రాయిస్ గట్టువైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి అరిచాడు. "మందు మాట ఇంకెవడన్నా ఎత్తితే ముందు వాణ్ణే నీళ్ళలో పడేస్తా!"

"ఎత్తినవాడివి నువ్వేగా!" అని ఎవరో అరిచారు. గట్టుమీద ఈలలు, చప్పట్లు, కారు హారన్లు. ఓలా మే చేతికర్రతో కారు డోరు మీద దరువేసింది.

డాయిల్ ఆ చేపను తీసుకున్నాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అంత ఆనందం అతను ఎరగడు. పడవ అంచునుంచి వంగి, దాన్ని నీళ్ళలో పెట్టి, మొప్పలు ఆడేదాకా రెండు చేతుల్లో పొదివి పట్టుకున్నాడు.

"వెళ్ళు తల్లీ," అన్నాడు. "వెళ్ళి పిల్లల్ని పెట్టుకో. అందర్నీ బతకనిస్తానని మాత్రం ఈసారి మాటివ్వను."