గీత మీద పడ్డ బంతి

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, నా బ్యాక్‌హ్యాండ్ చూసి దుబాయ్ దుబాయంతా నోరు వెళ్లబెడుతుందని. రెండు, నేను అబద్ధం ఆడే రకం కాదని. మొదటిది కాలేజీలో చేరిన వారానికే పోయింది. రెండోది పోవడానికి మూడు నెలలు పట్టింది, అదీ మా మేనమామ కళ్లముందే పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

కరీంనగర్‌లో టెన్నిస్ ఆడేవాళ్లు పట్టుమని పదిమంది లేరు కాబట్టి అక్కడ నేనే పెద్ద ఆటగాణ్ని. ఆ పేరు చెప్పుకునే దుబాయ్‌లో ఒక కాలేజీలో సీటూ, సగం ఫీజు మాఫీ సంపాదించాను. మాస్కులు ఇంకా అందరి మూతుల మీదా ఉన్న కాలం. తీరా వెళ్లి చూస్తే జట్టులో తొమ్మిదిమందిమి, ఆడేది ఆరుగురే. మిగతా ముగ్గురూ నీళ్ల సీసాలు అందిస్తూ చప్పట్లు కొట్టాలి, వాళ్లకు మాఫీ కూడా ఉండదు. (ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు. మా అమ్మ అప్పటికే వాడకట్టంతా లడ్డూలు పంచేసింది.) ఐదు స్థానాలు తేలిపోయాక, ఆరోదానికి నేనూ, అమ్మాన్ నుంచి వచ్చిన ఒక పొడుగు కుర్రాడూ ఒక్క మ్యాచ్‌తో తేల్చుకోవాలన్నాడు కోచ్. ఆ కుర్రాణ్ని జట్టంతా లంబూ అని పిలిచేది. ఆ మాటకు అర్థం తెలిశాక కూడా నవ్వి ఊరుకున్న మంచివాడు.

మా మేనమామ షార్జా దగ్గర సజ్జా లేబర్ క్యాంపులో ఉండేవాడు. పద్దెనిమిదేళ్లుగా టైల్స్ మేస్త్రి. అల్లుడు ఆడుతున్నాడని తెలిసి, సెలవు రోజు నిద్ర మానుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, రెండు బస్సులు మారి, స్టీలు డబ్బాలో కోడికూర పట్టుకుని వచ్చాడు. టెన్నిస్ చూడటం అదే మొదలు. మ్యాచ్‌కు ముందు లెక్కలు చెప్పబోతే, కొలతల మనిషి కదా, అక్కడే పట్టుకున్నాడు.

"పదిహేను, ముప్పై అయినంక నలభై ఏందిరా? నలభై అయిదు గావాలె. ఆ అయిదు ఎవడు దిన్నడు?"

"అది గంతే మామా. బంతి గీతను తాకితే లోపల వడ్డట్టే. గీత దాటితే అవుట్."

"మరి జెప్పేటోడేడి?"

"ఎవడుండడు. మన దిక్కు వడ్డ బంతి సంగతి మనమే చెప్పాలె, ఎదుటోడు నమ్మాలె."

"దొంగమాట జెప్తే?"

"ఇక్కడ ఎవ్వరూ చెప్పరు మామా" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో! నీడలో కుర్చీలు వేసి ఉన్నా ఆయన అటు పోలేదు. ఎండలో, కోర్టు వెనక గీతకు సరిగ్గా కొసన, కంచె పక్కన చతికిలబడ్డాడు. "గీతను పక్కపొంటి జూస్తే దెల్వది అల్లుడా, కొసకెళ్లి జూడాలె" అని నాకే ఒక పాఠం చెప్పాడు.

చెమటలు కక్కుకుంటూ మూడో సెట్ దాకా లాక్కొచ్చాను. ఇంకొక్క పాయింట్ వస్తే నాదే గెలుపు. లంబూ కొట్టిన బంతి నా మీదుగా వెళ్లి వెనక గీత దగ్గర పడింది. గీత మీద పడింది. నేను చూశాను. (సరిగ్గా చూడలేదేమో అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. చూశాను.) చూస్తుండగానే నా వేలు పైకి లేచింది, నోరు "అవుట్" అనేసింది. ఆ మాట గాల్లో ఉండగానే కంచె పక్క నుంచి కేక వినబడింది.

"లోపలనే వడ్డది అల్లుడా! గీత మీద వడ్డది! ఒక్క సూత్ గూడ అవతల లేదు!"

సూత్ అంటే మేస్త్రీల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. కోచ్ అవతలి కోర్టులో ఉన్నాడు. ఆ బంతిని నేనూ, లంబూ, మామా తప్ప చూసినవాళ్లు లేరు. లంబూ నెట్ దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగాడు, "ఆ అంకుల్ ఏమంటున్నాడు?"

ఆ క్షణంలో నాకు నీళ్ల సీసాలూ, మా అమ్మ పంచిన లడ్డూలూ కనిపించాయి.

"అవుట్ అంటున్నాడు" అన్నాను. అక్కడితో ఆగినా కొంత బాగుండేది. "టైల్స్ మేస్త్రి. గీతల విషయంలో పొరపాటు పడడు" అని పైనుంచి సర్టిఫికెట్ కూడా ఇచ్చాను.

లంబూ ఒక్కసారి మామ వైపు చూశాడు. తర్వాత "ఖలాస్" అని నాకు చెయ్యి కలిపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "షుక్రన్, అంకుల్" అని అరబ్బీలో థాంక్స్ చెప్పి వెళ్లిపోయాడు.

ఇంగ్లీషు రాని, బంతి లోపల పడితే పాయింట్ ఎవరికో తెలియని మామ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను జెప్పంగనే ఒప్పుకున్నవ్ గద అల్లుడా! ఆ పిలగాడు షుక్రన్ గూడ జెప్పిండు. నిజం జెప్పి గెల్సుడంటే గిట్లుండాలె!" అని నా వీపు చరిచి డబ్బా మూత తీశాడు. నేను డబ్బా పక్కకు జరిపాను. ఎండకు వాంతి వచ్చేలా ఉందని ఇంకో అబద్ధం ఆడాను.

ఈ కథ ఆ సాయంత్రానికే సజ్జా క్యాంపు చేరింది, రెండో రోజుకు ఫోన్లో మా అమ్మను చేరింది. మరుసటి సెలవు రోజు నేను క్యాంపుకు వెళ్తే, క్యారమ్స్ పోటీకి నన్నే అంపైర్‌గా కూర్చోబెట్టారు. "ఈ పిలగాడు జెప్తే ఇగ తిరుగులేదు" అన్నాడు ఫోర్‌మన్. ఆ రోజు క్యారమ్ బోర్డు వైపు తప్ప ఎవరి ముఖం వైపూ చూడలేకపోయాను.

లంబూ ఆ ఏడాదంతా నీళ్ల సీసాలు అందించాడు. నాక్కూడా అందించాడు. ఫీజు కోసం సాయంత్రాలు లైబ్రరీలో పుస్తకాలు సర్దేవాడు. రెండో ఏడు మొదట్లో ఇక ఉండబట్టలేక అతనికి అంతా చెప్పేశాను. కొడతాడనుకున్నాను, కొట్టినా బాగుండేది. "నాకూ గీత మీదే కనిపించింది. పెద్దాయన మేనల్లుడి కోసం ఒక అబద్ధం ఆడాడులే అనుకున్నాను. మా మామ అయినా అంతే చేస్తాడు. నిన్ను మాత్రం అనుమానించలేదు" అన్నాడు.

అంటే దాదాపు ఏడాది పాటు అతని లెక్కలో మా మామ అబద్ధాలకోరు, మామ లెక్కలో నేను సత్యసంధుణ్ని! సిగ్గుతో చచ్చిపోయాను. నా స్థానం అతనికి ఇచ్చేయమని కోచ్ దగ్గరికి వెళ్తానన్నాను. (అప్పటికే కొత్త ఏడు ఎంపికల్లో లంబూ తన ఆటతోనే నాలుగో స్థానానికి వచ్చేశాడు. నా త్యాగం ఎవరికీ అక్కర్లేకపోయింది.) "మీ మామకు నా తరఫున సారీ చెప్పు" అన్నాడు వెళ్తూ. ఎందుకు సారీ అని మామ అడిగితే ఏం చెప్పను? అది ఇంకా నా దగ్గరే ఉండిపోయింది.

ఇప్పుడు దుబాయ్‌లోనే కరామాలో ఉంటూ, సెలవు రోజుల్లో పిల్లలకు టెన్నిస్ నేర్పుతున్నాను. గీత దరిదాపుల్లో ఏ బంతి పడ్డా "ఇన్" అనేస్తాను, ఆ జబ్బు అలా మిగిలిపోయింది. పోయిన నెల మామ వీసా క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లిపోయే ముందు చూడటానికొచ్చాడు. మళ్లీ గీత కొసనే కూర్చున్నాడు. ఒక బంతి బయట పడింది, నేను అలవాటుగా "ఇన్" అన్నాను.

"అవుటే గద అల్లుడా! రెండంగుళాలు అవతల వడ్డది! కండ్లకు మసకలొచ్చినయా?"

ఆడుతున్న మలయాళీ పాప ఆగి, "అంకుల్ ఏమంటున్నారు సార్?" అంది.

"అవుట్ అంటున్నారు" అన్నాను. "టైల్స్ మేస్త్రి. గీతల విషయంలో పొరపాటు పడరు."

ఆయన మాటను ఇన్నేళ్లకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఈలోగా మామ ఆ పాప తండ్రి పక్కకు జరిగి, తన క్యాంపు హిందీలో మొదలుపెట్టాడు, "హమారా అల్లుడు ఝూట్ నై బోల్తా సాబ్. ఏక్ బార్ క్యా హువా..." నేను వంగి బంతులు ఏరడం మొదలుపెట్టాను. కోర్టులో ఉన్నవన్నీ బుట్టలోకి వచ్చేశాక కూడా, అల్లుడు అబద్ధం ఆడడన్న ఆయన కథ ఇంకా అవలేదని, మళ్లీ కింద పోసుకుని ఏరాను.