నర్సుల వ్యాన్ ఆగిపోయిన సంగతి

ఏళ్లుగా ఈ మాట లోపలే పెట్టుకుని తిరుగుతున్నానండి. బరువుగా ఉంది. నేనెవరో మీకు తెలీదు, అందుకే మీతో చెబుతున్నాను.

మా ఆవిడ శాలోమి అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సాయంత్రం డ్యూటీ దిగేసరికి మా రాజోలు వైపు బస్సులుండేవి కావు. చీకట్లో రోడ్డు మీద నిలబడలేక చాలామంది అమ్మాయిలు ఉద్యోగమే మానేసేవారు. శాలోమి మిగతా నర్సుల్ని కూడగట్టి, ఆసుపత్రి నడిపే డాక్టరుగారి చుట్టూ తిరిగి, ఇళ్ల దగ్గర దింపడానికి వ్యాన్ పెట్టించింది.

నాకు ఆ వ్యాన్ నచ్చలేదు. డ్రైవరు మాటకారి. ఆవిడ నవ్వుతూ దిగేది. నాతో అలా నవ్వి ఎన్నాళ్లయింది? వాడేమని నవ్వించాడు? ఒకసారి ఆలస్యమైతే టైరు పేలిందని చెప్పింది. మర్నాడు పనిగట్టుకుని వెళ్లి చూశాను. నిజంగానే కొత్త టైరు వేసి ఉంది. అయినా నమ్మలేదు. నాలాంటివాడు వచ్చి చూస్తాడని తెలిసే మార్చి ఉంటాడనుకున్నాను. అంత దూరం ఎలా ఆలోచించగలిగానో ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

నేను కొబ్బరి కొట్లో గుమాస్తాని. ఒక మధ్యాహ్నం కొట్టు ఫోన్లోంచి డాక్టరుగారింటికి చేశాను. పేరు చెప్పలేదు. ఆ వ్యాన్‌లో తిరిగే అమ్మాయిల గురించి జనం ఏదేదో అనుకుంటున్నారని చెప్పి పెట్టేశాను. జనం ఏమీ అనుకోలేదు. అనుకున్నది నేనొక్కడినే.

ఆ వారంలోనే వ్యాన్ ఆపేసేరు. డ్రైవర్ని తీసేసేరు. నర్సులు ఒక్కొక్కరే మానేసేరు. చివరికి శాలోమీ మానేసింది.

"ఎవరో ఫోన్ చేసి చెప్పేరంటండి," అంది ఆ రోజు, యూనిఫాం మడతపెడుతూ. "ఆయా మరియమ్మే అయ్యుంటుంది. వ్యాన్‌లో తనకి చోటివ్వలేదని కోపం."

"ఆయ్, ఆవిడే అయ్యుంటుంది," అన్నాను.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే పోయేది కదా? ఎందుకన్నాను? నా మీదకి రాకూడదనా, లేక ఆవిడ చూపు అటు తిరిగినందుకు హాయిగా అనిపించా?

మరియమ్మగారు ఒకసారి మా ఇంటికొచ్చి, తనేం తప్పు చేసిందో చెప్పమని అడిగింది. శాలోమి తలుపు వేసేసింది. నేను లోపల మంచం మీదే ఉన్నాను. లేవలేదు.

శాలోమి ఇప్పుడు బట్టల కొట్లో చీరలు చూపిస్తోంది. వీధిలోవాళ్లు జ్వరమని వస్తే, తను నర్సు కాదని పంపించేస్తుంది. ఈ మధ్య నేను ఫోన్ తీస్తే తలెత్తి చూస్తోంది. తెలిసిపోయిందా? తెలిసీ అడగడం లేదా?

ఆవిడకి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీరు క్షమించాలని కాదు. ఒక్క మనిషితోనైనా నిజం చెప్పాను, ఈ పూట ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఫోన్ చేసింది మరియమ్మగారు కాదు. నేను.