హాస్టల్ గోడ మీద తగ్గిపోయిన చలి

నా జీవితంలో నేను ఒకే ఒక్కసారి శాస్త్రవేత్తనయ్యాను. దాని ఫలితంగా హుకుంపేట అవతల ఒక హాస్టల్లో పిల్లలు చలికాలమంతా రగ్గులు లేకుండా వణికారు. ఇందులో నవ్వడానికేముందని మీరు అడగొచ్చు. నేనున్నాను కదా, నన్ను చూసి నవ్వండి.

తొంభైల మధ్యలో భీమిలి నుంచి అరకు వైపు కొండల మీదికి సైన్సు మాస్టారుగా వెళ్ళాను. చర్చివాళ్ళు నడిపే హాస్టలు, దాని పక్కనే బడి. సముద్రం పక్కన పెరిగిన ప్రాణం కాబట్టి మొదటి డిసెంబరంతా స్వెట్టరు మీద స్వెట్టరు, ఆ పైన దుప్పటి, తలకి మఫ్లరు చుట్టుకుని పాఠాలు చెప్పాను. పిల్లలకి నా ముక్కు తప్ప ఇంకేమీ కనపడేది కాదు. అంత బాధ పెడుతున్న చలి అసలెంతో తేల్చాలన్న కక్షతో విశాఖపట్నంలో ఒక థర్మామీటరు కొనుక్కొచ్చి, హాస్టల్ వరండా గోడకి మేకు కొట్టి తగిలించాను. రోజూ పొద్దున్న ప్రార్థన గంటకి ముందు చూసి రాసుకునేవాణ్ణి.

ఏటేటా పాదరసం కొంచెం పైకి జరగసాగింది. భూమి వేడెక్కుతోందని పేపర్లలో వస్తున్న రోజులవి. ఆ వేడి అందరికన్నా ముందు నా గోడకే వచ్చిందని మురిసిపోయాను. పెద్ద చార్టు ఒకటి తయారుచేసి బడిలో అంటించాను. ఒక వరుసలో ప్రకృతి కారణాలు: ఉత్తరపు గాలి తగ్గడం, బంగాళాఖాతం మీంచి వచ్చే మబ్బులు రాత్రిళ్ళు నేల వేడిని పోనివ్వకపోవడం, సముద్రాలు ఒక ఏడు వేడెక్కి ఒక ఏడు చల్లబడటం. రెండో వరుసలో మానవ కారణాలు: బొగ్గు, పెట్రోలు, పొగ, కొండల మీద అడవి నరకడం. రాసినవాటిలో తప్పేమీ లేదండీ. తప్పంతా మేకు కొట్టిన చోట ఉంది.

వంట చేసే పైడమ్మ ఒకరోజు చార్టు ముందు ఆగింది.

"ఏటి మేస్టారూ ఇది?"

"చలి తగ్గిపోతోంది పైడమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే. మన వరండాలో."

"మరి నూతికాడ నీలు ముట్టుకుంటే నా సేతులు కొంకర్లు పోతన్నాయి."

"అది నీ అనుభవం. ఇది కొలత."

ఎంత అందంగా అన్నానో చూశారా.

ఆ నవంబరులో హాస్టలు బాగోగులు చూసే పాస్టరుగారు వచ్చారు. అందరం ఆయన్ని అయ్యగారనే పిలిచేవాళ్ళం. పిల్లల రగ్గులు అప్పటికే చిరిగి పీలికలయ్యాయి.

"మాస్టారూ, ఈ ఏడు మేం ఇవ్వగలిగేది ఏదో ఒక్కటే. రగ్గులు తెమ్మంటారా, పాటలకి కీబోర్డు తెమ్మంటారా?"

నేనాయన్ని చార్టు ముందుకి నడిపించి, బల్ల మీద గుద్దకుండా గుద్దినంత ధాటిగా ఉపన్యాసమిచ్చాను.

"అంటే ఇక ముందు చలి ఉండదంటారా?"

"క్రమేణా తగ్గుతుందండి. కొలతలు అబద్ధం చెప్పవు."

"మరి రగ్గులు?"

"రగ్గులంటే పాతకాలపు ఆలోచనండి అయ్యగారూ."

ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

డిసెంబరులో కీబోర్డు వచ్చింది. ఘాట్ రోడ్డు కుదుపులకి దెబ్బ తినకుండా దాన్ని మందపాటి రగ్గులో చుట్టి పంపారు. ఆ ఏడు మా హాస్టలుకి వచ్చిన కొత్త రగ్గు అదొక్కటే. కరెంటు సరిగ్గా ఉండక కీబోర్డు జబ్బు చేసిన మేకలా అరిచేది.

ఆ ఏడు ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉత్తరపు గాలి ఆగలేదు. పొద్దున్నే పసుపు పూల వలిసె చేల గట్ల మీద గడ్డి మంచు పేరి తెల్లగా గట్టిపడి ఉండేది. నా థర్మామీటరు మాత్రం నిబ్బరంగా ఉంది. దాని ప్రకారం నాకు చలి వెయ్యకూడదు కాబట్టి మఫ్లరు తీసేసి తిరిగాను. దాని ప్రకారం రాకూడని జలుబు కూడా వచ్చింది.

ఒక పొద్దున వరండాలోకి వెళ్ళేసరికి పిల్లలు థర్మామీటరు కింద వరుసగా, వీపులు గోడకి ఆనించి, మోకాళ్ళు గుండెలకి అదుముకుని కూర్చున్నారు. మధ్యలో ఐదో తరగతి బుద్రి దగ్గుతోంది.

"లేవండి. మీ ఒంటి వేడి తగిలి నా కొలత పాడవుతుంది."

ఎవరూ కదల్లేదు.

"కొంచెం సేపు మేస్టారూ," అంది బుద్రి. "ఈ గోడ ఎచ్చగా ఉంటాది."

ఆ పిల్లని లేపుదామని వంగి, ఆసరాకి గోడ మీద చెయ్యి వేశాను. గోడ వెచ్చగా ఉంది. అవతల గిన్నెల చప్పుడు. "బేగి కట్టెలు తెండి," అని పైడమ్మ కేక.

నేను మేకు కొట్టిన ఏడాది వంట పెరటి పాకలో జరిగేది. మరుసటి వానల్లో పాక కూలితే ఈ గోడ అవతలి గదిలోకి మార్చారు. పిల్లలు పెరిగారు, పొయ్యిలు పెరిగాయి, పైడమ్మ మరింత పెందలాడే ముట్టించడం మొదలుపెట్టింది. ఇవన్నీ నాకు తెలుసు. ఆ అన్నం రోజూ తిన్నవాణ్ణి నేను.

థర్మామీటరు పీకి పెరట్లో జామచెట్టుకి కట్టాను. పాదరసం నూతిలో జారిన చేదలా కిందికి పోయింది. తిరిగొచ్చి బుద్రి నుదురు ముట్టుకున్నాను. గోడకన్నా వేడిగా ఉంది. నాకు చాలా భయం వేసింది.

కీబోర్డు రగ్గు ఆ పిల్లకి చుట్టి జీపులో అరకు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఊపిరితిత్తులకి నిమ్ము పట్టిందన్నారు. బతికింది. తగ్గాక వాళ్ళ నాన్న వచ్చాడు.

"మా గుంటని తీసుకెల్పోతన్నాను మేస్టారూ."

"తగ్గింది కదయ్యా. చదువు ఆపకు, తెలివైన పిల్ల."

"మా ఇంటికాడ పొయ్యి ఉంది," అన్నాడతను. బుద్రి మళ్ళీ బడికి రాలేదు.

ఆ సాయంత్రం చార్టులో మానవ కారణాల కింద "పైడమ్మ పొయ్యిలు" అని చేర్చాను. కాసేపాగి, దాని కింద "నేను" అని రాశాను. మొదటిది గోడ వేడికి, రెండోది పిల్లల చలికి. అయ్యగారికి జరిగిందంతా చెప్పుకున్నాను. రగ్గులు పంపించారు. అవి చేరేసరికి మార్చి ఎండలు కాస్తున్నాయి.

చలికాలాలు నిజంగానే మారుతున్నాయని తెలిసినవాళ్ళు తర్వాత చెప్పారు. వాళ్ళు చాలా చోట్ల, చాలా ఏళ్ళు, పొయ్యిలకి దూరంగా కొలిచారట. ఒక ఏడు గాలిదీ ఒక ఏడు మబ్బుదీ పక్కన పెట్టి, మనుషులు చేసినదెంతో విడదీయడానికి చాలా ఓపిక కావాలట. నాకున్నది మేకూ సుత్తీ.

ఓ పదేళ్ళకి హుకుంపేట సంతలో ఒక అమ్మాయి పలకరించింది. చంకలో పసివాడు.

"మేస్టారూ, గురుతున్నానా? బుద్రిని. మా గుంటడికి రగ్గు కొందామని వొచ్చాను. ఈ ఏడు సలి ఉంటాదంటారా?"

ఎగతాళి కాదు. మాస్టారికి తెలుస్తుందనే అడిగింది. పిల్లాడి పాదాలు ముట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

"ఉంటుందమ్మా. మందపాటిది తీసుకో."

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ హాస్టలు గోడ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఈ జన్మలో ఎవరికీ చలి లేదని చెప్పను. చెప్పక తప్పని రోజే వస్తే, ముందు వాళ్ళ పాదాలు ముట్టుకున్నాకే చెబుతాను.