జేజి చిక్కు చేసిన పట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తప్పు పట్టుదారం చిక్కు చేయడం. బడి ఎగ్గొట్టినా, ఉట్టిలో బెల్లం ఖాళీ చేసినా మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి, నాలుగు తిట్టి ఊరుకునేది. పట్టు చిలపలో, అంటే చుట్టిన దారపు కట్టలో, వేలు పెట్టామా, వీపు విమానం మోత మోగేది. బత్తలపల్లె దగ్గర మాది మగ్గాల వీధి. వానలు లేక చేన్లో చెనక్కాయ ఎండిపోయినా ధర్మవరం నుంచి వచ్చే ఆ పట్టే మాకు కూడు పెట్టేది. అలాంటి జేజి ఒకరోజు పదిమంది మధ్యలో కూర్చుని, మంచి ఎర్రపట్టు చిలపను కొంగుచాటున కావాలనే చిక్కు చేసింది. చూసింది నేనొక్కదాన్నే. ఎందుకు చేసిందో తెలిసేదాకా నాకు అన్నం సయించదు, నా గుణమే అంత.

ఆ రోజు మా అరుగు మీద పంచాయితీ. పక్కింటి నేతాయన జబ్బుచేసి చనిపోయాడు, దినాలు కూడా అయిపోయాయి. ఆయన భార్య అంతకు ముందే, రెండో కాన్పులో పోయింది. మిగిలింది నా ఈడు కూతురు, నాలుగేళ్ళ కొడుకు. రాయదుర్గంలో బట్టలు కుట్టే మేనమామ పిల్లవాణ్ణి తీసుకుపోతానన్నాడు. ధర్మవరంలో మగ్గం ఉన్న పెదనాయన పిల్లను పెట్టుకుంటానన్నాడు. ఇద్దరూ చెడ్డవాళ్ళేం కాదు. కరువు రోజులు, ఇంట్లో ఒక్క నోరు పెరిగినా బరువే. అందుకే చెరొకరిని తీసుకుంటామనేసరికి పెద్దమనుషులకు అది తూచినట్టు న్యాయంగా కనిపించింది.

మర్యాదకు ఆ పిల్లను కూడా పిలిచి, "ఏం పాపా, నీకు సమ్మతమేనా?" అని అడిగారు. నాయన పోయినప్పటి నుంచి నోరు విప్పని ఆ పిల్ల తల ఊపింది. హమ్మయ్య అనుకున్నారంతా. మౌనమే అర్ధాంగీకారం అయినప్పుడు తల ఊపితే ఇంకేం కావాలి!

సరిగ్గా అప్పుడే జేజి చేతిలోని చిలప చిక్కుపడింది.

"అయ్యో, పట్టు చిక్కు పడిపాయ. ఈ పాప వేళ్ళు సన్నంగా ఉండాయి, విడదీసిచ్చి పోనీండప్పా" అంది. మేనమామ విసుక్కున్నాడు. "ఏమవ్వా, ఆడ రాయదుర్గం బస్సు పోతాది!" "బస్సు పోతే ఇంకోటి వస్తాది. పట్టు పోతే వస్తాదా?" అంది జేజి. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నేతగాళ్ళే. చిక్కుపడ్డ పట్టును చూస్తూ చూస్తూ వదిలేసి లేవడం మా వాళ్ళకు చేతకాదు. పైగా ఇద్దరు ముగ్గురు సాయానికి చేతులు చాపారు. జేజి ఆ చేతుల మీద తలా ఒక్కటేసి, "తలా ఒక దిక్కు లాగితే ముడి పడతాది" అని పిల్లను మగ్గం ఇంట్లోకి తీసుకుపోయింది. నావి అసలే పాము చెవులు. పోయి తలుపు వెనక నిలబడ్డాను.

జేజి ఇప్పుడు అడుగుతుంది, ఇదిగో ఇప్పుడు అడుగుతుంది అని చూశాను. ఏమీ అడగలేదు. చిలపను పిల్ల రెండు చేతులకూ తగిలించి, తాను ఎదురుగా కూర్చుని ఒక్కో పోగూ తప్పిస్తూ పోయింది. "ఈ పోగు యాడికి పోతాందో చూడు పాపా" అనడం తప్ప వేరే మాట లేదు. ఇందుకేనా ఇంత నాటకం అని నాకు విసుగొచ్చింది. పిల్ల కూడా తల వంచుకుని పోగులనే చూస్తోంది, జేజి ముఖం చూడాల్సిన పనే లేదు. చిక్కు సగం విడిపోయాక, ఆ పోగులతోనే చెబుతున్నట్టు మెల్లగా అంది.

"వానికి నా చెవి పట్టుకుంటేగాని నిద్ర రాదు జేజీ. ఆడ ఎవురి చెవి పట్టుకుంటాడు?"

జేజి వేళ్ళు ఆగలేదు. "ఆ మాట ఆడనే అనకపోయినావా?"

"నేను వద్దంటే వాన్ని గూడా పెట్టుకోరేమో అని తల ఊపినా."

నాకూ ఒక తమ్ముడు ఉన్నాడు. వాడితో పొద్దస్తమానం పోట్లాడటమే నాకు తెలుసు. వాడి కోసం మాట మింగాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు.

చిలప మొత్తం విడిపోయేదాకా జేజి లేవలేదు. ఆ తర్వాత బయటికి వచ్చి పిల్ల అన్నది అన్నట్టే చెప్పి కూర్చుంది, తీర్పేమీ చెప్పలేదు. మేనమామే తల గోక్కుంటూ, "ఇద్దర్నీ నేనే తోడుకపోతా. ఉండే సంగటే అందరం తింటాం" అన్నాడు. "ఏటా రాగులు నేను పంపిస్తాలే అప్పా" అన్నాడు పెదనాయన. అప్పటికి బస్సు పోనే పోయింది. తర్వాతి బస్సు ఎక్కేటప్పుడు పిల్లవాడు అక్క చంకలో ఉన్నాడు. వాడి చెయ్యి ఆమె చెవి మీద ఉంది.

బస్సు కదలగానే జేజిని పట్టుకుని పట్టెందుకు చిక్కు చేశావని నిలదీశాను. "చూసినావా దొంగా!" అని నవ్వింది. "చేతులకు పనుంటే మాట దానంతట అదే వస్తాది. పదిమందిలో నిలబెట్టి అడిగితే పెద్దోల్లే నిజం చెప్పరు, పిల్లోల్లు చెప్తారా?"

తర్వాత నేను లా చదివాను. ఏళ్ళ తరబడి కాలేజీలో కుటుంబ చట్టం పాఠాలు చెప్పాను. అమ్మానాన్నలు విడిపోయినప్పుడు, ఇద్దరూ పోయినప్పుడు, పిల్లల మనసు కనుక్కొమ్మని కోర్టులు నన్ను పిలిచేవి. పిల్లల ఇష్టం తెలుసుకోవాలని చట్టం చెబుతుంది గానీ, ఎలా తెలుసుకోవాలో మా జేజి ఒక్కతే నేర్పింది. పిల్ల తల ఊపితే సమ్మతి అని రాసేయకండి, ఎవరి కోసం ఊపిందో చూడండి అని నా విద్యార్థులకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

కాయితాల సంచిలో ఎర్రపట్టు చిలప పెట్టుకుని కోర్టుకు వచ్చే ఈ ముసలి ప్రొఫెసరును చూసి కుర్ర వకీళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇప్పటికీ, పిల్లను లోపలికి పిలిచే ముందు, ఎవరూ చూడటం లేదు కదా అని తలుపు వైపు ఒకసారి చూసి, మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద తప్పయిన ఆ పనిని తీరిగ్గా చేస్తాను.